కారు పిచ్చోళ్లకు కాపురం ఎక్కడ?

ఇల్లు కట్టుకునేవాడు ముందు నీళ్లు చూస్తాడు. తర్వాత బడి, ఆసుపత్రి ఎంత దూరమో వాకబు చేస్తాడు. కారు పిచ్చి ఉన్నవాడి లెక్క ఇంకోలా ఉంటుంది. గేటు తీసి బండి బయటపెట్టాక ఎంతసేపటికి మంచి రోడ్డు తగులుతుంది? ఎండాకాలం, వానాకాలం ఆ రోడ్డు ఎలా ఉంటుంది? రిపేరొస్తే ఎవరి దగ్గరికి పోవాలి? ఈ ప్రశ్నలకు ప్రపంచమంతా చెప్పే జవాబులు జర్మనీ, కాలిఫోర్నియా. తెలుగువాళ్లను అడిగితే హైదరాబాద్ అనో విశాఖ అనో అంటారు. జోగులాంబ గద్వాల జిల్లా మానవపాడు అని మాత్రం ఎవరూ అనరు. పత్తి, మిరప, పొగాకు పండే మండల కేంద్రం అది. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న నడిగడ్డలో ఉంటుంది. అయినా ఈ ప్రశ్నను మానవపాడులో నిలబడి అడిగితే జవాబు చాలావరకు మారిపోతుంది. ఎలా మారుతుందో తెలియాలంటే పెద్ద పేర్లన్నిటినీ ఒక్కొక్కటిగా తూకం వేయాలి.

ఎవరి పిచ్చి వారిది

కారు ప్రియులంతా ఒకే రకం కాదు. మొదటి రకానికి వేగం కావాలి. స్పీడోమీటర్ ముల్లు ఎక్కడిదాకా పోతుందో చూడందే వాళ్లకు నిద్ర పట్టదు. రెండో రకానికి నడపడమే ఆనందం. మలుపు, ఎత్తుపల్లాలు, సరైన చోట గేరు మార్చడం, టైరు కింద నేల ఎలాంటిదో స్టీరింగ్ మీది చేతికి తెలియడం వాళ్లకు ముఖ్యం. అరవై కిలోమీటర్ల వేగం దాటకుండానే వాళ్ల కడుపు నిండుతుంది. మూడో రకానికి బండే లోకం. పాత పద్మినీనో, విల్లీస్ జీపునో, మారుతి 800నో విప్పి బిగించి, దొరకని పార్టు కోసం ఊళ్లు తిరుగుతారు.

ఏ ఊరు మంచిదన్న వాదన ఎప్పుడూ తేలకపోవడానికి కారణం ఈ ముగ్గురినీ ఒకే గాటన కట్టడమే. ఒకరికి స్వర్గమైన చోటు ఇంకొకరికి విసుగు పుట్టిస్తుంది.

పెద్ద పేర్లు, వాటి ఖరీదు

జర్మనీ పేరు ముందు రావడానికి కారణం ఆటోబాన్. సుమారు 13 వేల కిలోమీటర్ల ఆ రహదారుల్లో ఎక్కువ భాగం మీద శాశ్వత వేగ పరిమితి లేదు. గంటకు 130 కిలోమీటర్లు అన్నది అక్కడ సలహా మాత్రమే. దానికి తోడు 1927లో మొదలైన న్యూర్బర్గ్‌రింగ్ ఉంది. అడవి కొండల మధ్య 20.8 కిలోమీటర్ల ఆ పాత ట్రాకు మీద డబ్బు కట్టి ఎవరైనా సొంత కారు నడపొచ్చు. కానీ ఆ స్వేచ్ఛ ఊరికే రాలేదు. వాహనాలు కుడివైపున నడిచే ఆ దేశంలో కుడి లేన్ నుంచి ఓవర్‌టేక్ చేస్తే జరిమానా పడుతుంది. బండిని రెండేళ్లకోసారి తనిఖీకి పెట్టాలి. చాసిస్ తుప్పు పట్టినా, బ్రేకు అరిగినా రోడ్డెక్కనివ్వరు. మన లైసెన్సు అక్కడ కాపురం పెట్టిన ఆరు నెలల వరకే చెల్లుతుంది. స్టుట్‌గార్ట్‌కో మ్యూనిక్‌కో ఉద్యోగానికి వెళ్లిన తెలుగు ఇంజనీరు, ఇక్కడ పదేళ్లు నడిపినవాడైనా, మళ్లీ రాత పరీక్ష రాయాలి, మళ్లీ డ్రైవింగ్ పరీక్షకు కూర్చోవాలి. పరిమితి లేని వేగాన్ని సాధ్యం చేసింది ఈ కట్టుబాట్లే. వాటిని వదిలేసి వేగాన్ని మాత్రమే అరువు తెచ్చుకుంటే ఏమవుతుందో మన జాతీయ రహదారులు రోజూ చూపిస్తూనే ఉన్నాయి.

అమెరికాలో కార్ల పుట్టిల్లు మిషిగన్. డెట్రాయిట్ వుడ్‌వర్డ్ అవెన్యూలో 1909లోనే మైలు పొడవున కాంక్రీటు రోడ్డు వేశారు. అదే వీధిలో 1995 నుంచి ఏటా ఆగస్టులో పాత కార్ల ఊరేగింపు జరుగుతోంది. ఫోర్డ్, జనరల్ మోటార్స్ లాంటి కంపెనీల్లో తెలుగు ఇంజనీర్లు రెండు తరాలుగా పనిచేస్తున్నారు. నోవై, కాంటన్, ఫార్మింగ్టన్ హిల్స్‌లో తెలుగు కుటుంబాలు స్థిరపడ్డాయి. మూడో రకం కారు ప్రియుడికి అంతకన్నా మంచి సావాసం దొరకదు. చిక్కల్లా చలికాలంతోనే. మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీరు బండి అడుగుభాగాన్ని తినేస్తుంది. అందుకే ముచ్చటపడి కొన్న కారుకు అక్కడ నవంబరులో కవరు కప్పేస్తారు, ఏప్రిల్‌లో గానీ తీయరు. కాలిఫోర్నియాలో ఆ బాధ లేదు. ఎండ, సముద్రం పక్కనే హైవే 1, మాంటెరే దగ్గర లగూనా సెకా ట్రాకు అన్నీ ఉన్నాయి. అయితే బే ఏరియాలో రెండు కార్ల గ్యారేజీ ఉన్న ఇల్లు కొనడం చాలామంది తెలుగువాళ్లకు జీవితకాలపు అప్పు.

గల్ఫ్ కథ వేరు. రాస్ అల్ ఖైమాలో జెబెల్ జైస్, అల్ ఐన్‌లో జెబెల్ హఫీత్ కొండ రోడ్లు ప్రపంచంలో మేలైనవాటిలో లెక్క. ఆ దేశాల్లో ఖరీదైన కార్లు నడిపే తెలుగువాళ్లకు కొదవ లేదు. కాకపోతే వాళ్లలో ఎందరో కువైట్, సౌదీల్లో హౌస్ డ్రైవర్ వీసా మీద ఉన్న కడప, కరీంనగర్ ప్రాంతాల మనుషులు. ల్యాండ్ క్రూయిజర్ తాళం చేతిలో ఉంటుంది, ఎటు పోవాలో చెప్పేది మాత్రం సేఠు. ఎక్కడ నడపడం ఇష్టమన్న ప్రశ్నలో ‘ఇష్టం’ అన్న మాట ఎంత ఖరీదైనదో వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

తెలుగు నేల మీద

హైదరాబాద్‌కు మూడో రకంవాళ్ల ఓటు ఖాయం. రాణిగంజ్‌లో దొరకని స్పేర్ పార్టు అరుదు. చౌమహల్లా ప్యాలెస్‌లో 1912 నాటి పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఉంది. బహదూర్‌పురాలోని సుధా కార్స్ మ్యూజియంలో క్రికెట్ బ్యాటు, బర్గర్ ఆకారాల్లో చేతితో చేసిన బండ్లున్నాయి. రోడ్ల విషయానికొస్తే 158 కిలోమీటర్ల ఎనిమిది లేన్ల ఔటర్ రింగ్ రోడ్డు నగరం గర్వకారణం. 2023లో దాని గరిష్ఠ వేగాన్ని 120 కిలోమీటర్లకు పెంచారు. ఒకసారి చుట్టి వస్తే సరదాగానే ఉంటుంది. రెండోసారికి మలుపు లేదు, మజా లేదు. పైగా ఔటర్ ఎక్కడానికి కూకట్‌పల్లి నుంచో దిల్‌సుఖ్‌నగర్ నుంచో పడే పాట్లు ఆ ఆనందాన్ని ముందే మింగేస్తాయి.

వేగం కోరేవాళ్లకు హైదరాబాద్ ఒక్కసారి ఆశ పెట్టింది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు జరిగింది. ఎలక్ట్రిక్ రేసు కార్లు సచివాలయం పక్కన పరుగులు తీశాయి. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. మరుసటి ఏడాది రేసు రద్దయింది. పోయిన రేసు కన్నా పెద్ద లోటు ఇంకోటుంది. ఫార్ములా కారు పూర్తి వేగంతో నడిపి సాధన చేయడానికి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పేరున్న శాశ్వత ట్రాకు లేదు. హైదరాబాద్ రేసర్ అనిందిత్ రెడ్డి లాంటివాళ్లు పేరు తెచ్చుకున్నది ఇతర రాష్ట్రాల ట్రాకుల మీదే. కోయంబత్తూరు దగ్గర 2.1 కిలోమీటర్ల కారి మోటార్ స్పీడ్‌వే, చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలో 3.7 కిలోమీటర్ల ట్రాకు, గ్రేటర్ నోయిడాలో 2011 నుంచి 2013 దాకా ఫార్ములా వన్ జరిగిన బుద్ధ్ సర్క్యూట్ ఉన్నాయి. మొదటి రకంవాళ్లు సకుటుంబంగా తమిళనాడుకు మారితే తప్పు పట్టలేం.

విజయవాడ జవహర్ ఆటోనగర్ 1960లలో పుట్టింది. లారీ బాడీ కట్టడం మొదలు ఇంజన్ బోరింగ్ వరకు అన్నీ ఒక్క చోటే దొరికే ఊరు లాంటి పేట అది. బండిని విప్పడంలో ఆనందం ఉన్నవాడికి హైదరాబాద్‌కు దీటైన చోటు.

విశాఖపట్నం రెండో రకంవాళ్ల మొదటి మాట. ఒకవైపు భీమిలి దాకా సముద్రం పక్క రోడ్డు, ఇంకోవైపు అనంతగిరి కాఫీ తోటల గుండా అరకు ఘాట్, ఆపైన పాడేరు, లంబసింగి. అందం విషయంలో దీనికి పోటీ లేదు. కానీ మిషిగన్‌లో రోడ్డు మీది ఉప్పు చేసే పని ఇక్కడ సముద్రపు గాలి చేస్తుంది. ఒడ్డుకు దగ్గరగా ఉన్న ఇంట్లో పాత బండి పెట్టుకుంటే తలుపుల అంచులు, సైలెన్సర్ ముందు పోతాయి. తిరుమల ఘాట్ రోడ్లు గొప్పవే. మొదటిది 1944లో, రెండోది 1974లో తయారయ్యాయి. ఎక్కడానికి ఒకటి, దిగడానికి ఒకటి. నిర్ణీత సమయం కన్నా ముందే కిందికి చేరినవాళ్లకు జరిమానా వేసే చోట భక్తి కుదురుతుంది గానీ డ్రైవింగ్ సరదా కుదరదు.

ఇక శ్రీశైలం. నాగర్‌కర్నూల్ జిల్లా మన్ననూరు దాటితే అమ్రాబాద్ పులుల అభయారణ్యం మొదలవుతుంది. ఫర్హాబాద్ వైపు పీఠభూమి మీద సాఫీగా సాగే రోడ్డు, కృష్ణ లోయ దగ్గరికి వచ్చేసరికి మెలికలు తిరుగుతూ దిగుతుంది. తెలంగాణలో మలుపులు కోరేవాళ్లకు ఇంతకన్నా మంచి దారి లేదు. రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు వరకు అడవిలో రాకపోకలు ఆపేస్తారు. ఆ గేటు మీద సణిగేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. రాత్రిపూట ఆ రోడ్డు పులులది, దుప్పులది. గేటు ఉండబట్టే పగటిపూట అడవి ఇంకా అడవిలా ఉంది.

నడిగడ్డ లెక్క

ఇప్పుడు మానవపాడు దగ్గరికి వద్దాం. అక్కడ ట్రాకు లేదు, ఘాట్ లేదు, సముద్రం లేదు. ఉన్నది స్థానబలం. శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా పోయే 44వ నంబరు జాతీయ రహదారి, పాతవాళ్ల నోట ఇంకా ఏడో నంబరు రోడ్డే, మండలానికి పక్కనే పోతుంది. ఉత్తరానికి తిరిగితే బీచుపల్లి ఆంజనేయస్వామి గుడి పక్కన కృష్ణ దాటి పెబ్బేరు, కొత్తకోట మీదుగా మూడు గంటల్లో హైదరాబాద్. దక్షిణానికి తిరిగితే అలంపూర్ చౌరస్తా, పుల్లూరు టోల్‌గేటు, తుంగభద్ర వంతెన, అరగంటలో కర్నూలు. అదే రోడ్డు ఇంకా కిందికి పోతే 2019లో కార్ల తయారీ మొదలైన పెనుకొండ కియా ఫ్యాక్టరీ, ఆ తర్వాత బెంగళూరు.

కర్నూలు దగ్గర 40వ నంబరు జాతీయ రహదారి చీలుతుంది. ఓర్వకల్లు రాళ్ల మధ్య నుంచి నంద్యాల, కడప వైపు పోయే దారి అది. గండికోట చూసి సాయంత్రానికి ఇల్లు చేరొచ్చు. ఆత్మకూరు, దోర్నాల మీదుగా నల్లమలను దక్షిణం వైపు నుంచి పట్టుకోవచ్చు. వనపర్తి, నాగర్‌కర్నూల్ మీదుగా పోతే మన్ననూరు గేటు తెరిచిన కాసేపటికే అక్కడ ఉండొచ్చు. గద్వాల దాటి జూరాల ఆనకట్ట మీదుగా ఆత్మకూరు పోయే దారి వరద రోజుల్లో చూడాల్సిందే. ఆత్మకూర్లు రెండున్నాయి కాబట్టి దారి అడిగేటప్పుడు జిల్లా పేరు కూడా చెప్పాలి. అలంపూర్ జోగులాంబ గుడి పొద్దున టిఫిన్‌కు ముందే పోయి రాగల దూరం.

రాబోయేవి ఇంకా ఉన్నాయి. సూరత్–చెన్నై కారిడార్‌లో అక్కల్‌కోట్–కర్నూలు భాగం గద్వాల జిల్లా గుండా పోయేలా ప్రణాళిక చేశారు. సోమశిల–సిద్ధేశ్వరం మధ్య కృష్ణ మీద తీగల వంతెనకు 2022లో కేంద్రం ఆమోదం ఇచ్చింది. అది పూర్తయితే కొల్లాపూర్ నుంచి నేరుగా నంద్యాల వైపు దిగొచ్చు.

హైదరాబాద్‌లో ఉండేవాడు ఈ దారుల్లో ఏది ఎక్కాలన్నా ముందు రెండు గంటలు నగరాన్ని వదిలించుకోవడానికే ఖర్చుపెట్టాలి. నడిగడ్డవాడికి ఆ రెండు గంటలు మిగులు. ఇంటి పక్కన రెండు బండ్లు పట్టే షెడ్డు వేసుకోవడానికి జాగా ఉంటుంది. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో బానెట్ ఎత్తితే వాచ్‌మన్ కేకలేసే బాధ ఉండదు. గాలిలో ఉప్పు లేదు. షోరూములు, వీల్ అలైన్‌మెంట్, నమ్మకమైన మెకానిక్కులు కర్నూలులో ఉన్నారు. ఆసుపత్రికైనా పెళ్లి బట్టలకైనా ఇక్కడివాళ్లు ఎప్పటినుంచో పోయేది ఆ ఊరికే. 2014లో మధ్యలో రాష్ట్ర సరిహద్దు వచ్చినా ఆ అలవాటు పోలేదు.

పన్ను విషయంలో సరిహద్దు పక్కన ఉన్నందుకు లాభమేమీ లేకపోయింది. తెలంగాణ 2022లో లైఫ్ ట్యాక్స్ పెంచి పది లక్షలు దాటిన కారుకు 17 శాతం, ఇరవై లక్షలు దాటితే 18 శాతం చేసింది. అప్పట్లో తుంగభద్ర దాటినా అంతే. 2024 నవంబరులో తెలంగాణ ప్రకటించిన ఎలక్ట్రిక్ వాహన విధానం కింద 2026 చివరి వరకు బ్యాటరీ కార్లకు ఆ పన్ను మినహాయించడం ఒక్కటే ఊరట. పాత బండ్ల ప్రియులకు మాత్రం తెలుగు నేల మొత్తం మేలే. ఢిల్లీ ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ బండ్ల మీద ఏళ్ల తరబడి ఆంక్షల వివాదం నడుస్తోంది. ఇక్కడ పదిహేనేళ్లు నిండినా ఫిట్‌నెస్ చూపించి ఐదేసి ఏళ్లు పొడిగించుకోవచ్చు.

తూకంలో రెండో పళ్లెం

ఇంత మాత్రానికే మానవపాడును ఆకాశానికెత్తితే పొరపాటు. మొదటి ఇబ్బంది నేలతోనే. తుంగభద్ర వైపు నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు ఎండి బీటలు వారుతుంది. దాని మీద వేసిన ఊరి రోడ్డు ఎంత బాగా వేసినా రెండు మూడేళ్లలో అలలు తిరుగుతుంది. హైవే దిగి ఊళ్లోకి తిరిగిన మరుక్షణం కారు పడవలా ఊగడానికి కారణం తారు కాదు, కింద ఉన్న మట్టి. నేలకు దగ్గరగా ఉండే స్పోర్ట్స్ కారు ఇక్కడ కొనడం అంటే డబ్బులు పెట్టి బాధ కొనుక్కోవడమే. గద్వాల ప్రాంతంలో సీడ్ పత్తి రైతులు ఎత్తైన బండ్లను ఇష్టపడటంలో హోదా ఎంతుందో అవసరమూ అంతే ఉంది.

రెండోది ఎండ. ఏప్రిల్, మే నెలల్లో నలభై డిగ్రీలు దాటిన మధ్యాహ్నం హైవే మీద టైర్లు పేలడం మామూలు. చాలామంది ఎండకు గాలి పెరుగుతుందని ముందే కొంత తీసేస్తారు. జరిగేది దానికి సరిగ్గా వ్యతిరేకం. గాలి తక్కువైన టైరు పక్కలు ఎక్కువగా వంగుతాయి, ఆ వంగడం వల్లే లోపల వేడి పుట్టి టైరు పగులుతుంది. కంపెనీ చెప్పిన గాలిని పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడే నింపాలి.

మూడోది రోడ్డు మీద హక్కు ఎవరిదన్నది. కోతలప్పుడు ఊరి రోడ్లలో ఒక పక్క మక్కజొన్న, వడ్లు ఆరబోసి ఉంటాయి. గింజలు కొట్టుకుపోకుండా చుట్టూ రాళ్లు పేరుస్తారు. చీకటి పడితే ఆ రాళ్లు కనబడవు. పత్తి ట్రాక్టర్లకు వెనక లైటుండదు. పెబ్బేరు సంతకు గొర్రెలు తోలేవాళ్లు హైవే దాటుతారు. కారు ప్రియుడికి ఇవి అడ్డంకులు. అయితే ఆ రోడ్డు వాళ్ల పొలాల మధ్య నుంచి వేసింది. కల్లం లేని రైతు ఇంకెక్కడ ఆరబోస్తాడు?

నాలుగోది అన్నిటికన్నా బరువైనది. మానవపాడుకు గంట ప్రయాణం లోపు, ఇదే హైవే మీద, రెండు పెద్ద బస్సు ప్రమాదాలు జరిగాయి. 2013 అక్టోబరు 30 తెల్లవారుజామున ఇప్పటి వనపర్తి జిల్లా పాలెం దగ్గర బెంగళూరు నుంచి హైదరాబాద్ పోతున్న బస్సు ముందు బండిని దాటబోయి కల్వర్టును ఢీకొంది. డీజిల్ ట్యాంకు పగిలి మంటలు లేచాయి. 45 మంది కాలిపోయారు. 2025 అక్టోబరు 24న కర్నూలు దగ్గర చిన్నటేకూరులో ఇంకో బస్సు, రోడ్డు మీద పడి ఉన్న బైకును ఈడ్చుకుపోయి తగలబడింది. 19 మంది ప్రయాణికులు పోయారు. రెండూ తెల్లవారకముందే జరిగాయి. నాలుగు లేన్ల రోడ్డు మీద కార్లకు చట్టం ఇచ్చిన గరిష్ఠ వేగం వంద కిలోమీటర్లు. ఆ వేగంలో హెడ్‌లైటు వెలుగు పడేది ఆగడానికి కావలసిన దూరం కన్నా ఎక్కువేమీ కాదు. ఖాళీగా కనిపించే రాత్రి హైవే వేగానికి అనువైనదన్న భ్రమ ఇక్కడే పగలాలి.

తీర్పు

మొదటి రకంవాళ్లకు తెలుగు నేల మీద సరైన చోటు లేదు. ఉన్నదల్లా అందరి రోడ్డు. దాన్ని రేసు ట్రాకు చేయడానికి ఎవరికీ హక్కు లేదు. మానవపాడు నుంచి చెన్నై ట్రాకు దాదాపు ఐదు వందల కిలోమీటర్లు, కోయంబత్తూరు ఏడు వందల పైచిలుకు. ఏడాదికి రెండుసార్లు పోయి, హెల్మెట్ పెట్టుకుని తనివితీరా నడిపి రావడం మిగతా మూడొందల అరవై రోజులు హైవే మీద ప్రాణాలతో ఆడుకోవడం కన్నా చౌక. రెండు రాష్ట్రాల ప్రభుత్వాలు ఒక్కరోజు రేసుకు వీధులు మూసే ఖర్చులో కొంత పెట్టి ఒక మామూలు శిక్షణ ట్రాకు కట్టినా ఈ జవాబు మారుతుంది. బంజరు భూములకు, రహదారికి ఈ దక్షిణ జిల్లాల్లో కొరత లేదు.

మూడో రకంవాళ్లు హైదరాబాద్, విజయవాడ వదలకూడదు. వాళ్లకు రోడ్డు కన్నా దుకాణం ముఖ్యం, దుకాణం కన్నా తోటి పిచ్చోళ్ల సావాసం ముఖ్యం. నడిగడ్డలో ఆ సావాసం దొరకదు.

రెండో రకంవాళ్లకు, అంటే నడపడం కోసమే నడిపేవాళ్లకు, మానవపాడు దాని చుట్టుపక్కల ఊళ్లు హైదరాబాద్ కన్నా మేలు. విశాఖకు అందం ఎక్కువ, దారులు తక్కువ. ఇక్కడ ఒక్కో దారి మామూలుదే కావచ్చు, కానీ ఒకే ఇంటి నుంచి మైదానం, నది, రాళ్లగుట్టలు, అడవి నాలుగింటికీ పొద్దున పోయి మాపటికి రావచ్చు. మంచి రోడ్డు పక్కన ఇల్లు కట్టుకున్నవాడికి ఏడాదికి ఆ రోడ్డు పాతబడుతుంది. కూడలి దగ్గర ఉన్నవాడికి దారులు మారుతూ ఉంటాయి.

ఈ మాట నమ్మి ఎవరైనా ఇటు ప్లాటు చూడ్డానికి వస్తే రెండు జాగ్రత్తలు. ఒకటి, మంచి ముసురు పట్టినప్పుడు వచ్చి హైవే నుంచి ప్లాటు దాకా ఉన్న రోడ్డు మీద బండి నడపండి. బ్రోకర్ చెప్పని సంగతులు నల్లరేగడి చెబుతుంది. రెండు, 2009 అక్టోబరులో నదులు రెండూ పొంగి అలంపూర్, కర్నూలు మునిగినప్పుడు నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో ఆ ఊరి పెద్దమనుషులను అడిగి, ఆ గీతకు పైనే షెడ్డు వేయండి.